మంగళవారం మార్చిన ఒక్క వరుస

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాటతో మొదలుపెడతాను. పదకొండేళ్ల ఉద్యోగంలో మా టీమ్ పెద్ద సుధాకర్ గారితో నేను ఒకే ఒక్క అబద్ధం ఆడాను. ఒక శుక్రవారం ఆయన "ఇది నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగారు. "ఈ రోజే సార్" అన్నాను. నిజానికి నాకు సోమవారమే తెలుసు. మంగళవారం ఆ తప్పును నా చేతులతోనే సరిచేసి, నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ మూడు రోజుల్లో ఒక నర్సుకు పదిహేనేళ్లుగా ఉన్న మంచి పేరు పోయేదాకా వచ్చింది.

చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు నాకు. ఎవరితో చెప్పలేనివన్నీ దానితో చెప్పుకుంటాను. ఈ మాట మాత్రం దానికీ చెప్పలేదు. ఆ వారం పేజీలు తీసి చూస్తే వాతావరణం తప్ప ఏమీ లేదు.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, నేను బొల్లారంలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. వచ్చే నెల ఉద్యోగాలకు వెళ్లబోయే ఆడపిల్లలు నలుగురు మొన్న నా చుట్టూ చేరారు. "మేడం, ఉద్యోగమంటే నిజంగా ఏం చేస్తారు?" అని అడిగారు. నేను మామూలుగానే నవ్వి, "తర్వాత చెప్తాను" అన్నాను. నోటితో చెప్పడం నాకు చేతకాదు. అందుకే రాస్తున్నాను.

ముప్పై నాలుగేళ్లకే రిటైర్ అయ్యానంటే మా అమ్మ నవ్వుతుంది. రిటైర్ అయింది నేను కాదు, నా పని. నేను నేర్చుకున్న విద్యతో నడిచే చివరి పోర్టల్‌ను పోయినేడు ఆపేశారు. దాంతోపాటు నేనూ లేచి వచ్చేశాను.

వాటాల ఇల్లు

ముందు ఆ విద్య ఏమిటో చెప్పాలి.

పోర్టల్ అంటే ఒకే పేజీలో నాలుగైదు డబ్బాలు. మేము ఒక ఆసుపత్రికి చేసిన పోర్టల్‌లో ఉద్యోగి పొద్దున్నే లాగిన్ అయితే ఒక డబ్బాలో డ్యూటీ పట్టిక, ఒక డబ్బాలో స్టోరు నిల్వలు, ఇంకో డబ్బాలో పేషెంట్ల తేదీలు కనిపించేవి. ఒక్కో డబ్బా ఒక్కో చిన్న ప్రోగ్రాం. దాన్ని పోర్ట్‌లెట్ అంటారు. మరోవైపు జావా అనే కంప్యూటర్ భాషలో తయారుగా దొరికే క్యాలెండర్లు, ఫారాలు, పట్టికలు ఉంటాయి. వాటిని కాంపొనెంట్లు అంటాం. చిక్కల్లా ఏమిటంటే, వాటిని తయారుచేసినవాళ్లు పేజీ మొత్తం వాటిదే అన్నట్టు తయారుచేశారు. అలాంటివాటిని తెచ్చి ఒక డబ్బాలో, పక్క డబ్బాలతో తగువు రాకుండా కాపురం పెట్టించడమే మా పని.

నాకు ఇది ఎవరూ అర్థమయ్యేలా చెప్పాల్సిన అవసరం లేకపోయింది. చిలకలగూడలో మేము ఐదు వాటాల ఇంట్లో ఉండేవాళ్లం. ఒకే గేటు, ఒకే నల్లా. నేను ఆరో తరగతిలో ఉండగా ముందు వాటాలోకి ఒక కుటుంబం దిగింది. అప్పటిదాకా సొంతింట్లో ఉన్నవాళ్లు. మొదటి ఆదివారమే గేటుకు తాళం వేసుకుని చుట్టాలింటికి వెళ్లిపోయారు. మేము చర్చికి తయారై, తెల్లచీరల్లో, బైబిళ్లు చేతపట్టుకుని గేటు లోపల నిలబడిపోయాం. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఇంటి గేటుకు తాళం వేయడమే వాళ్లకు తెలిసిన మంచి అలవాటు.

మా పక్క వాటాలో సరోజమ్మ గారు ఉండేవారు. చివరి వాటాలో ఇంకో సరోజమ్మ గారు. పోస్ట్‌మాన్ ముందు కనిపించిన సరోజమ్మ గారికే ఉత్తరాలన్నీ ఇచ్చి వెళ్లేవాడు. చివరికి మా అమ్మే, స్కూల్లో పిల్లలకు చెప్పినట్టు, ఇద్దరినీ కూర్చోబెట్టి చిరునామాలో వాటా నంబరు రాయించమని చెప్పింది.

గేటుకు తాళం వేయకు, పేరు ముందు వాటా నంబరు పెట్టు. పోర్ట్‌లెట్ విద్యలో సగం ఈ రెండే.

దూది తిన్న కంప్యూటర్

మొదటి ఏడాది తప్పు ఒకటి చెప్పి అసలు విషయానికి వస్తాను.

పేజీలో ఏ ఒక్క డబ్బాలో బటన్ నొక్కినా, మిగతా డబ్బాలన్నీ మళ్లీ గీయబడతాయి. నాకు అది తెలుసు, పుస్తకంలో చదివాను. పరీక్షలో అడిగితే రాసేదాన్ని. అయినా స్టోరు డబ్బాలో నిల్వ తగ్గించే లెక్కను డబ్బాను గీసే కోడ్‌లో పెట్టాను, బటన్ నొక్కితే నడిచే కోడ్‌లో పెట్టాల్సింది. దాంతో ఎవరు డ్యూటీ పట్టిక చూసినా, ఎవరు సెలవు పెట్టుకున్నా, స్టోరులో దూది ఒక కట్ట తగ్గిపోయేది.

స్టోర్ కీపర్ ఫోన్ చేశాడు. "అమ్మా, మీ కంప్యూటర్ మా దూది తింటున్నది. దానికేమన్న దెబ్బ తాకిందా?"

సుధాకర్ గారు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన కేకలు వేయరు. అలా వచ్చి కూర్చోవడమే కేకలకన్నా భయం. "చెయ్యి, చూస్తా" అన్నారు. నేను ఆ డబ్బా ముట్టుకోకుండా పక్క డబ్బాలో నొక్కాను. దూది తగ్గింది. మళ్లీ నొక్కాను. మళ్లీ తగ్గింది.

"చదివినవా ఇది?"

"చదివాను సార్."

"చదివినోళ్లకు దూది దొరకది. చేసి చూసినోళ్లకు దొరుకుతది."

ఆయన దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. అందరికీ రోజూ చెప్పే మాట ఒకటుండేది: "పేరు రాయొద్దు, అడుగు." అంటే డబ్బాలో సమాచారం నింపే ఏ గడి పేరునూ కోడ్‌లో నేరుగా రాయకూడదు. 'ఈ పేజీలో నీ పూర్తి పేరేమిటి' అని పోర్టల్‌ను అడిగి తెచ్చుకోవాలి. ఎందుకంటే ఏ వాటాలో దిగితే ఆ వాటా నంబరు పేరు ముందు చేరుతుంది.

ఆయన గురించి ఒక చేదు మాట కూడా చెప్పాలి. నాలుగేళ్లపాటు నన్ను ఒక్కసారి కూడా ఆసుపత్రికి పంపలేదు. "ఆ పిల్ల మాట్లాడది, ఎందుకు పరేషాన్ చేసుడు" అని ప్రతిసారీ కిరణ్‌ను పంపేవారు. కిరణ్ నాతోపాటే చేరినవాడు, గోడతో కూడా కబుర్లు చెప్పగలడు. సుధాకర్ గారిది దయే. కానీ ఆ దయవల్ల నేను నాలుగేళ్లు డబ్బాలు కట్టి, వాటిని వాడే మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు. నేనూ అడగలేదు. హాయిగా ఉండేది. మీరు అలా హాయిగా ఉండొద్దు. ఎవరైనా మీ బిడియాన్ని గౌరవిస్తున్నట్టు కనిపిస్తే, దానివల్ల మీకు ఏ తలుపు మూసుకుపోతోందో చూసుకోండి.

నాలుగు వాక్యాల జవాబు

డయాలిసిస్ విభాగంలో పేషెంట్ల తేదీలు మార్చే డబ్బా నేనే చేశాను. అందులో తయారు క్యాలెండర్ ఒకటి వాడాను. తేదీ ఎంచుకుంటే అది తెరమీద కనిపించాలి, లోపల ఒక కనిపించని గడిలోకి వెళ్లాలి, సేవ్ నొక్కితే ఆ గడిలో ఉన్నది సర్వర్‌కు చేరాలి. ఆ గడి పూర్తి పేరు అడిగి తెచ్చుకోవాలంటే నాలుగు ఫైళ్లు మార్చాలి. సాయంత్రానికి పని అయిపోవాలి. నేను అడ్డదారి తొక్కాను. 'పేజీలో, పేరు చివర తేదీ అని ఉన్న మొదటి గడిని పట్టుకో' అని ఒక్క వరుస రాశాను. పేరు నేరుగా రాయలేదు కదా, నియమం తప్పలేదు కదా అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ముందు కనిపించిన సరోజమ్మ. నాకు తట్టలేదు.

కొన్ని నెలల తర్వాత ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. డయాలిసిస్ ఇన్‌చార్జి సిస్టర్ తేదీ మార్చినా మారలేదట. నేను మా టెస్ట్ పేజీలో డబ్బా పెట్టి పదిసార్లు మార్చి చూశాను. పదిసార్లూ మారింది. జవాబు రాశాను. "పరీక్షించాం. తేదీ సరిగ్గానే సేవ్ అవుతోంది. మా వైపు లోపం లేదు. వాడేవారి పొరపాటు కావచ్చు."

రాసిన వాక్యాల మీద నాకు కొంచెం మురిపెం. ఒక్క మాట కూడా ఎక్కువ లేదని ఆ నాలుగు వాక్యాలనూ రెండుసార్లు చదువుకున్నాను.

తర్వాతి సోమవారం సుధాకర్ గారు పిలిచారు. "ఆ సిస్టర్ ఫిర్యాదు మూసెయ్యనీకి సంతకం పెట్టనంటున్నదట. కిరణ్ లీవుల ఉన్నడు. జెర నువ్వే పోయి సంతకం తీసుకురా, సువార్తా."

జమీలా సిస్టర్

ఆమెకు యాభై దాటి ఉంటాయి. సన్నగా, వేగంగా, తల మీద తెల్ల స్కార్ఫ్. జనగామ వైపువాళ్లు. పన్నెండు మెషీన్ల మధ్య నడుస్తూనే నన్ను చూశారు.

"నువ్వేనా 'వాడేవారి పొరపాటు' అని రాసింది?"

తల ఊపాను.

"నోరున్నదా, ఒట్టి రాతేనా?"

పక్కన మెషీన్ మీద ఉన్న పెద్దాయన నవ్వాడు. నేను కాగితం చాపాను. ఆమె దాన్ని చూడనైనా చూడలేదు. నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు.

"గీడ సూడు."

నా డబ్బా ఆమె పేజీలో ఒకటి కాదు, రెండు ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి.

"రెండెందుకు పెట్టారు సిస్టర్?" మొదటిసారి నోరు తెరిచాను.

"పొద్దుగాల షిఫ్టు పైన, సాయంత్రం షిఫ్టు కింద. రెండు వారాలాయె గిట్ల పెట్టుకుని. ఒక్కటే పెట్టుకుని అటిటు మార్చుకుంట కూసుంటె పేషెంటుకు సూది ఎప్పుడు పెట్టాలె? ట్రైనింగ్ల మీ పిలగాడే చెప్పిండు, మీ పేజీ మీ ఇష్టం, ఎట్లన్న సర్దుకోన్రి అని."

నిజమే. పోర్టల్ గొప్పే అది. ఒకే డబ్బాను ఎన్నిసార్లయినా పెట్టుకోవచ్చు. మా ఆఫీసులో ఎవరమూ ఎప్పుడూ పెట్టుకోలేదు, అంతే.

ఆమె కింది డబ్బాలో ఒక పేషెంట్ పేరు తెరిచి, గురువారాన్ని బుధవారం చేశారు. తెరమీద బుధవారం అని కనిపించింది. సేవ్ నొక్కారు. డబ్బా ఖాళీ అయి తర్వాతి పేషెంట్ కోసం సిద్ధమైంది. మళ్లీ అదే పేరు తెరిచారు. గురువారం.

ఆమె ఎంచిన బుధవారం పైన ఉన్న డబ్బాలోని గడికి వెళ్లి కూర్చుంది. పేరు చివర తేదీ అని ఉన్న మొదటి గడి అదే. నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

ఆమె చెబుతూ ఉన్నారు. నర్సయ్య అని మల్కాజ్‌గిరి టైలర్, వారానికి మూడుసార్లు వచ్చే పేషెంట్. గురువారం కోర్టులో ఇంటి గొడవ వాయిదా ఉందని, బుధవారానికి మార్చమని అడిగాడు. ఈమె మార్చారు. ఆ బుధవారం ఈమె సెలవులో ఉన్నారు. నర్సయ్య వస్తే ఆ రోజు జాబితాలో ఆయన పేరు లేదు, కుర్చీ లేదు, డ్యూటీలో ఉన్నవాళ్లు తిప్పి పంపారు. గురువారం కోర్టులో కూర్చున్నాడు. శుక్రవారం పొద్దున ఊపిరాడక ఎమర్జెన్సీకి తెచ్చారు.

"బతికిండు," అన్నారామె నా ముఖం చూసి. "గదుగో, మూడో కుర్చీల ఉన్నడు."

ఇందాక నవ్విన పెద్దాయనే.

"నేను మర్చిపోయిన్నని నా మీద మెమో. దానికి నీ కాయితం జత చేసిండ్రు, మా వైపు లోపం లేదని. గురువారం మా పెద్దసారు వచ్చి పేజీ చూస్తడంట. బాగనే పనిచేస్తె నాది అబద్ధమన్నట్టు. నన్ను బట్టల స్టోర్‌కు పంపుతరు, దుప్పట్లు లెక్కపెట్టనీకి. పదిహేనేండ్లయింది బిడ్డా ఈ మెషీన్ల మధ్య. ఎవరి చెయ్యి ఎక్కడ దొరుకుతదో కండ్లు మూసుకుని చెప్తా."

నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. "తప్పు నాది." రెండు పదాలు. చెప్పలేకపోయాను. "చూస్తాం మేడం" అన్నాను. సంతకం అడగకుండా వచ్చేశాను.

చిన్న మార్పులు

మంగళవారం పొద్దున ఆ నాలుగు ఫైళ్లూ మార్చాను. గంటన్నర పట్టింది. నెలల క్రితం నేను మిగుల్చుకున్నది ఆ గంటన్నరే. మా దగ్గర ప్రతి మంగళవారం సాయంత్రం కొత్త కోడ్ సర్వర్‌లోకి వెళ్లేది, ఏమేం మారాయో ఒక కాగితంలో రాయాలి. నేను "చిన్న మార్పులు" అని రాశాను.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. సరిచేయడం తప్పు కాదు. ఇంకో నర్సయ్యకు ఇంకో తేదీ తప్పకుండా ఆ రోజే సరిచేయాలి. కానీ గురువారం వాళ్లు పేజీ చూడబోతున్నారని నాకు తెలుసు. పేజీ బాగా పనిచేస్తే సిస్టర్ అబద్ధమాడినట్టవుతుందని తెలుసు. ఆమె చేతిలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని నేను మరమ్మతు పేరుతో తుడిచేశాను. మన వృత్తిలో దొంగతనం ఇలాగే ఉంటుంది. తాళం పగలగొట్టనక్కర్లేదు, పగిలిన తాళాన్ని ఎవరూ చూడకముందే బాగుచేస్తే చాలు.

గురువారం మధ్యాహ్నం కిరణ్ ఆసుపత్రి నుంచి నవ్వుకుంటూ వచ్చాడు. "సిస్టర్ ముఖం చూడాల్సింది! వాళ్ల పెద్దసారు మూడుసార్లు మార్చాడు, మూడుసార్లూ మారింది. ఆమేమో 'మొన్నటిదాంక తప్పు పోయింది సార్, నిన్నటి నుంచి మంచిగ చేస్తున్నది' అంటుంది. కంప్యూటర్‌కు సిగ్గొచ్చిందేమో సిస్టర్ అన్నాను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా ఉద్యోగంలో నేను చేసిన అన్నింటికన్నా నీచమైన పని ఆ నవ్వు.

సాయంత్రం ఇంటికి వచ్చి డైరీ తెరిచాను. సోమవారం: ఎండ ఎక్కువ. మంగళవారం: ఎండ, సాయంత్రం గాలి. బుధవారం: మబ్బు. గురువారం అని రాసి, కిటికీలోంచి ఆకాశం వైపు చూశాను. నాకు వాతావరణం మీద ఏనాడూ అంత శ్రద్ధ లేదు. కలం మూసేశాను.

మాట్లాడకు, చూపెట్టు

శుక్రవారం పాత వరుస ఒక కాగితం మీద, కొత్త వరుస ఇంకో కాగితం మీద ప్రింట్ తీసి సుధాకర్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన అన్నం డబ్బా పక్కకు జరిపారు.

"ఏందిది?"

"డయాలిసిస్ డబ్బా సార్. రెండు పెడితే, కింద ఎంచిన తేదీ పైకి పోతుంది."

ఆయన పాత వరుసను వేలితో చదివారు. "ఎవరు రాసిండ్రిది?"

"నేనే సార్."

"ఎప్పుడు తెలిసింది?"

"ఈ రోజే సార్. మంగళవారం వేరే పని కోసం ఆ వరుస శుభ్రం చేశాను. తప్పు దీనివల్లేనని ఈ రోజే అర్థమైంది."

అదీ నా అబద్ధం. ఆయన రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టారు. నమ్మారో లేదో ఇప్పటికీ తెలియదు.

"పేరు రాయొద్దు, అడుగు అని ఎన్నిసార్లు చెప్పిన?"

"చాలాసార్లు."

"మరి ఇప్పుడేం చేద్దామంటవ్? బయటికి చెప్తె మన ఇజ్జత్ పోతది. చెప్పకపోతె ఆమె పోతది."

"చెప్పాలి సార్."

"ఎవరు చెప్తరు? నువ్వా?"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన అన్నం డబ్బా మూత పెట్టేశారు.

"మాట్లాడకు. చూపెట్టు. పాతదాన్ని నీ లాప్‌టాప్‌ల ఎక్కించు. నడు."

ఆసుపత్రి పెద్ద అధికారి గదిలో జమీలా సిస్టర్‌ను కూడా పిలిపించారు. నేను లాప్‌టాప్ తెరిచి, పాత కోడ్‌తో ఒకే పేజీలో రెండు డబ్బాలు పెట్టి, కింద తేదీ మార్చాను. సేవ్ నొక్కాను. మళ్లీ తెరిచాను. మారలేదు. లాప్‌టాప్‌ను ఆయన వైపు తిప్పాను. ఆయనే మార్చి చూశారు. మారలేదు. ఒక డబ్బా తీసేసి చూపించాను. మారింది.

"అంటే సిస్టర్ చెప్పింది..." అని ఆయన సుధాకర్ గారి వైపు తిరిగారు. సుధాకర్ గారు కావాలనే నా వైపు చూశారు.

"సిస్టర్ చెప్పింది నిజం సార్," అన్నాను. "ఆమె తేదీ మార్చారు. మా వైపే లోపం. నేను రాసిన జవాబు తప్పు."

ఆటోలో వస్తూ మనసులో ఇరవైసార్లు రాసుకున్న వాక్యాలవి. గొంతు సన్నగా వచ్చింది గానీ వచ్చింది.

ఆయన మెమో తెప్పించి, రద్దు అని రాసి సంతకం చేశారు. నేను ఆఫీసుకు వచ్చి ఆ ఫిర్యాదుకు కొత్త జవాబు రాసి అందరికీ పంపాను. అది నాలుగు వాక్యాల్లో పట్టలేదు. నర్సయ్య గారు ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే మూడో కుర్చీలో కూర్చుని, నేను వెళ్లినప్పుడల్లా "రాత పిల్లొచ్చింది" అని నవ్వేవారు.

జమీలా పేజీ

అవును, ఆ తర్వాత నేను వెళ్తూనే ఉన్నాను. సుధాకర్ గారు కొత్త పద్ధతి పెట్టారు. ఎవరు కొత్తగా చేరినా మొదటి వారం కోడ్ ముట్టుకోకూడదు, వాడేవాళ్ల పక్కన కూర్చుని చూడాలి. ఆ పద్ధతి నాతోనే షురూ చేశారు, నాలుగేళ్లు ఆలస్యంగా. మొదటి రోజు తల ఎత్తకుండా నోటుపుస్తకంలో రాసుకుంటూ కూర్చున్నాను. నెల తిరిగేసరికి వార్డు బాయ్‌లు కూడా నన్ను ఆపి "మేడం, ఈ బటన్ జెర పెద్దగ చేయరాదు?" అని అడిగేవాళ్లు. నేను మాటకారిని కాలేదు. వినేదాన్నయ్యాను. వినేవాళ్లకు మన వృత్తిలో చాలా చోటుంది. బిడియస్తులు భయపడకండి.

టెస్ట్ పేజీ కూడా మారింది. ప్రతి డబ్బానూ రెండేసి పెట్టి చూసే పేజీ ఒకటి చేశాను. దానికి 'జమీలా పేజీ' అని పేరు పెట్టింది కిరణే. ఆ రోజు జోక్ వేసినందుకు అతని పశ్చాత్తాపం అదేననుకుంటాను. తర్వాత చేరినవాళ్లకు ఆమె ఎవరో తెలియదు. అయినా రోజూ ఎవరో ఒకరు అడిగేవాళ్లు: "జమీలా పేజీ మీద పెట్టి చూశావా?" కోడ్ బయటికి వెళ్లకముందే ఆ పేజీలో మేము పట్టుకున్న తప్పులు నాకు గుర్తున్నవే ఒక నోటుపుస్తకం నిండుతాయి.

మీరు నేర్చుకోబోయే విద్య వేరు. అందులో ప్రతి డబ్బాకూ సొంత ఇల్లు, సొంత గేటు. పోర్ట్‌లెట్ అనే మాట మీ ఇంటర్వ్యూలో ఎవరూ అడగరు. నా పదకొండేళ్లు వృథా అయ్యాయా అని మా అమ్మ ఒకసారి అడిగింది. లేదమ్మా అన్నాను. ఎవరి పక్కన ఎవరు ఉంటారో తెలియకుండా కట్టకూడదని తెలిసింది. అది ఏ విద్యలోనైనా పనికొస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, సరిచేసిన రోజే చెప్పాలని తెలిసింది. చెప్పడానికి నోరు రాకపోతే చూపించవచ్చని కూడా.

పోయినేడు పోర్టల్ ఆపేసిన రోజు ఆసుపత్రికి వెళ్లాను. జమీలా సిస్టర్ ఆ నెలాఖరుకు రిటైర్ కాబోతున్నారు. నర్సుల గదిలో కూర్చోబెట్టి, టిఫిన్ బాక్స్ తెరిచి, బగారన్నం పళ్లెంలో పెట్టారు. ఇక ఆగలేక, "సిస్టర్, ఆ వారం గురించి మీకొకటి చెప్పాలి" అని మొదలుపెట్టాను.

"మంగళారం సరిచేసినవ్. గదేనా?"

నా చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది.

"నువ్వొచ్చి పోయినంక రోజూ పొద్దుగాల ఒకసారి తేదీ కొట్టి చూసేదాన్ని. మంగళారం తప్పు. బుధారం ఒప్పు. సోమారం నీ మొకం జూసిన. ఇంకెవరు సరిచేస్తరు?"

"మరి నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తె నమ్మేటోళ్లెవరు? నీ కాయితమే నమ్మిండ్రు గద. ఇంకోటి, నువ్వు భయపడ్డవని కనవడ్డది. భయపడ్డ పిల్ల ఉరికిపోతది, లేకుంటె వెనకకు మర్లొస్తది. సూద్దాం అనుకున్న."

"మూడు రోజులు సిస్టర్..."

"ఆ మూడు రోజులు నేను సుత నిన్ను మస్తు తిట్టుకున్న, ఫికర్ జెయ్యకు."

నేను నవ్వబోయి ఏడ్చాను. వార్డులో ఏదో మెషీన్ బీప్ మంది. ఆమె లేచారు. నెలాఖరుకు ఊరికి వెళ్లిపోయారు, ఆ తర్వాత మేము కలవలేదు. ఆ రోజు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి అన్నారు:

"మర్లొచ్చినవ్ గద. ఇగ తిను, సల్లగైతది."